ఉష్ణవిద్యుత్తు: అర్థం, వాడుక

బొగ్గు మండించి తీసే కరెంటుని ఎవరైనా పేపర్లో ఉష్ణవిద్యుత్తు అని రాస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బొగ్గు నీళ్ళు కాస్తుంది, ఆవిరి చక్రం తిప్పుతుంది, చక్రం కరెంటు పుట్టిస్తుంది. అందులో వేడి చేసేది కూలిపని. ఉష్ణవిద్యుత్తు అది కాదు. రెండు వేరువేరు లోహాల తీగలు తీసుకుని రెండు కొసలా కలిపి మెలిపెట్టండి. ఒక ముడిని వేడిలో ఉంచండి, రెండో ముడిని చల్లగా ఉంచండి. తీగలో కరెంటు పారుతుంది. చక్రం లేదు, ఆవిరి లేదు, చప్పుడు లేదు. రెండు ముళ్ళూ ఒకే వేడిలో ఉంటే మాత్రం ఏమీ పారదు, ఆ వేడి ఎంతదైనా సరే. నేను ఇలా మొదలుపెడితే పక్క వాటా పిల్లలు "మామ్మగారికి పాఠం వచ్చింది" అని మెల్లగా జారుకుంటారు. జారుకోనివ్వండి. ఆ మాటకి తెలుగులో అర్థం రాసి పంపినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

అరవైల మొదట్లో మాట. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. గుంటూరులో బి.ఎస్సీ. చదివి, ట్రైనింగు అయ్యాక, ఒంగోలు దాటి నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. నాకు ఇరవై ఆరేళ్ళు. నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ నాకు ఉద్యోగం వచ్చిన ఏడే పోయింది. అన్నయ్య గుంటూరులో పత్తి మిల్లులో గుమాస్తా. ఆయన ఉత్తరాలు క్షేమంతో మొదలై క్షేమంతోనే ముగిసేవి, మధ్యలో ఏమీ ఉండేది కాదు.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళని అనను. మర్యాదకి లోటు చేయలేదు. నేను వీధిలో వెళ్తుంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. కానీ కూర్చోమని ఒక్కరూ అనలేదు. పెళ్ళికాని ఆడది ఒంటరిగా గది తీసుకుని ఉంటుంటే ఆమెతో ఏం మాట్లాడాలో వాళ్ళకి తెలియలేదు. నా నోరు కూడా అంత మంచిది కాదు. చేరిన కొత్తలో హెడ్మాస్టరుగారి భార్య ఉరుమూ మెరుపూ ఒకేసారి పుట్టవంటే, పదిమంది ఆడవాళ్ళ ముందు ఆవిడని సరిదిద్దాను. ఆ తర్వాత పేరంటాలకి పిలుపులు ఆగిపోయాయి. శనివారం మధ్యాహ్నం బడి గంట కొట్టాక సోమవారం దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆదివారం సాయంత్రం పాలు పోసే ఆమెకి "చాలు" అని చెప్పడానికి గొంతు సవరించుకోవలసి వచ్చేది.

నా గది ఊరి చివర. దాని వెనక ఒక మిరపకళ్ళం, కళ్ళం అవతల ఒక పెద్ద రైతు పొగాకు బ్యారన్లు రెండు. బ్యారన్ అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను: కిటికీలు లేని ఎత్తయిన ఇటుక గది, పైన రేకు కప్పు. పచ్చి ఆకు కర్రలకి గుచ్చి, లోపల వరస మీద వరస వేలాడదీస్తారు. బయట పొయ్యిలో మంట పెడితే ఆ వేడి నేల మీద పరిచిన ఇనప గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది. అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆరకూడదు. మొదట ఆకు మెల్లగా పసుపు తిరగాలి, తర్వాత ఆ రంగు నిలవాలి, తర్వాత ఆకు, ఆఖరున ఈనె ఎండాలి. ఏ దశకి ఆ వేడి. ఒక్క పూట హెచ్చినా తగ్గినా బ్యారన్‌లో ఉన్న ఆకంతా పాడు.

నేను మొదట వెళ్ళింది ఆ గోడ కోసం. జనవరిలో, ఆదివారం పొద్దున్నే, మంచు ఇంకా చేల మీద ఉండగా, ఆ వెచ్చటి గోడకి వీపు ఆనించి నిలబడితే ప్రాణం లేచొచ్చేది. అలా నిలబడిన మొదటి రోజే పొయ్యి దగ్గర కూర్చున్న ముసలాయన, "ఆ గోడ కాదమ్మా, అవతల గోడకి నిలబడు. అక్కడ ఇంకా బాగుంటది," అన్నాడు.

ఆయన ఆ బ్యారన్లకి మేస్త్రీ. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన సాయిబు. ఊళ్ళో అందరూ సాయిబనేవారు, నేను సాయిబుగారు అనేదాన్ని. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతుర్నీ చీరాలలో ఇచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సీజనంతా ఆ బ్యారన్ల దగ్గరే వంట, పడక, నమాజు. నన్ను ఎవరమ్మాయివి, ఇంకా పెళ్ళెందుకు కాలేదు అని అడగని మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే. ఆయన మాట్లాడేదంతా ఆకు గురించే. ఆ ఏడు వాన ఎప్పుడు పడిందో, ఆకు ఎంత మందంగా వచ్చిందో, దానికి ఎంతసేపు పసుపు తిరగడం పడుతుందో. నేను వినేదాన్ని. అలా ఆదివారాలు నడిచాయి. తర్వాత తర్వాత బడి అయ్యాక సాయంత్రాలు కూడా వెళ్ళేదాన్ని. ఆ ఊళ్ళో నాకు మనిషి అంటూ ఉంటే ఆయనే.

బ్యారన్ గోడకి అరచెయ్యంత అద్దం బిగించి ఉండేది. లోపల ఆకుల మధ్య ఒక థర్మామీటరు వేలాడేది. బ్యాటరీలైటు వేసి అద్దంలోంచి చూసి, వేడి ఎంతుందో పలక మీద రాయాలి. అది రైతు పెట్టిన నియమం. నేను వెళ్ళినప్పుడల్లా సాయిబుగారు, "ఏదీ టీచరమ్మా, ఎంతుందో చెప్పు చూద్దాం," అనేవాడు. నా చదువుని పరీక్షిస్తున్నాడనుకుని నవ్వుకుంటూ చూసి చెప్పేదాన్ని. "ఆ, నేనూ అంతే అనుకున్నా," అనేవాడు. ఒకరోజు ఆకు గుచ్చే ఒకామెని కూడా అలాగే అడగడం విన్నాను. ఆమెకి అంకెలు రావు. "ఎర్రగీత ఏడదాకా ఉంది, నీ బెత్తెడుతో చెప్పు," అంటున్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

"సాయిబుగారూ, మీకు ఆ గీత కనపడదు కదూ?"

ఆయన చాలాసేపు పొయ్యిలో కట్టె సర్దాడు.

"రెండు కళ్ళకీ పొర కమ్మిందమ్మా. మూరెడు దూరంలోది కనపడద్ది. దానవతల అంతా పొగే. రైతుకి తెలిస్తే పంపించేస్తాడు. కూతురింట్లో కూకోని తినే రోజు నాకింకా రాలా. ఎవరికీ చెప్పబాక."

చెప్పనన్నాను. మరి ఇంతకాలం ఎలా నడుపుతున్నారని అడిగితే ముక్కు తట్టుకుని చూపించాడు. పసుపు తిరిగే ఆకు మాగిన పండు వాసన వేస్తుందట. రంగు నిలిచేటప్పుడు ఎండుగడ్డి వాసన. వేడి హెచ్చితే ఉడికిన కూర వాసన. తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి, చెంప గోడకి ఆనిస్తే ఆయనకి తెలిసిపోయేది. పలక మీది అంకెలు వచ్చేపోయేవాళ్ళని అడిగి వేసినవి, లేదా ఉజ్జాయింపుగా వేసినవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరులో నాకు ఫిజిక్సు చెప్పిన మాస్టారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. బడిపిల్లలకి సైన్సు మాటల పట్టిక ఒకటి తెలుగులో తయారుచేస్తున్నారట. పది మాటలు నాకు పంపారు. ప్రతి మాటకీ ముందు అర్థం, తర్వాత వాడుక రాయాలి. వాడుక మన పిల్లలు చూసినది, మన చుట్టూ ఉన్నది కావాలి. అమ్మ పోయాక నన్ను గుర్తుపెట్టుకుని ఒకరు ఒక పని అడగడం అదే. ఆ కవరుని ఎన్నిసార్లు తీసి చదివానో. తొమ్మిది మాటలు రెండు రోజుల్లో అయిపోయాయి. పదోది ఉష్ణవిద్యుత్తు. అర్థం రెండు వాక్యాల్లో అందంగా వచ్చింది. వాడుక దగ్గర ఆగిపోయాను. ఆ నల్లరేగడిలో, కరెంటు దీపమే లేని ఊళ్ళో, దాని వాడుక ఎక్కడ చూపించను?

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. ఒక ముడి బ్యారన్‌లో ఆకుల మధ్య, రెండో ముడి బయట చల్లగా, మధ్యలో తీగలో పారే కరెంటుని ముల్లుతో చూపించే గాల్వనోమీటరు. లోపలి వేడిని బట్టి ముల్లు కదులుతుంది. ఆ ముల్లు సాయిబుగారి ముందు బల్ల మీద, మూరెడు దూరంలో ఉంటుంది. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయన పని నిలుస్తుంది, నా మాటకి వాడుక దొరుకుతుంది. రెండిట్లో నన్ను ఎక్కువ ఉరికించింది ఏదని అప్పుడు అడిగి ఉంటే మొదటిదనే ఒట్టేసి చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

బడిలో సైన్సు సామానంతా ఒక బీరువా. తాళం నా దగ్గరే ఉండేది. హెడ్మాస్టరుగారిని అడగకుండానే గాల్వనోమీటరు సంచిలో పెట్టి తెచ్చేశాను. ఇనప తీగ సంతలో కొన్నాను. రాగి తీగ ఒంగోలు పాతసామాన్ల కొట్లో, కాలిపోయిన మోటారు చుట్టలోంచి దొరికింది. ఒక జత తీగలకి ముల్లు కదిలీ కదలనట్టు ఉంటే, పన్నెండు జతలు వరసగా కలిపాను. వేడి ముడులని అద్దం ఉన్న కంతలోంచి లోపలికి దూర్చి, కంతని బంకమట్టితో పూడ్చేశాను. థర్మామీటరు ఇక కనపడదు. దాంతో ఇక పనేముందనుకున్నాను. పూడ్చే ముందు దాన్ని చూస్తూ గాల్వనోమీటరు మీద రంగు కాగితాలు అంటించాను: పసుపు తిరిగే వేడి దగ్గర పసుపు, రంగు నిలిచే వేడికి తెలుపు, దాటకూడని చోట ఎరుపు. చల్లటి ముడులన్నీ మైనం గుడ్డ చుట్టి ఒక మట్టికుండలో బావినీళ్ళు పోసి ముంచాను.

ఆ కుండని సాయిబుగారి మంచం పక్కనే పెట్టాను. పొలం పనివాళ్ళ కుండ ఆకు గుచ్చే షెడ్డు అవతల వేరే ఉంది. సాయిబు కుండని ఊళ్ళోవాళ్ళెవరూ ముట్టరు. కాబట్టి నా కుండ భద్రం. ఇలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడు మాత్రం నా తెలివికి మురిసిపోయాను.

ఆయనకి నేను చెప్పింది ఇంతే: "ముల్లు పసుపులో ఉంటే అంతే ఉంచండి. మూడో రోజు తెలుపులోకి రావాలి. ఎరుపు దగ్గరికి పోతే మంట తగ్గించండి. కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి. తీగలు ముట్టుకోవద్దు. ఆ నీళ్ళు మీరు తాగొద్దు."

"రోజాల్లో ఉన్నా గదమ్మా, తాగేదెక్కడ?" అని నవ్వాడు. రంజాను నెల మొదలై వారమైంది.

కుండ ఎందుకో చెప్పలేదు. ముఖం తెలియని పిల్లల కోసం రెండు వాక్యాల్లో రాసిన అర్థాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పలేదు. ఆయనకి అర్థం కాదనుకున్నాను. అసలు అలా అనుకున్నట్టు కూడా నాకు తెలియదు.

మొదటి విడత ఆకు బాగా వచ్చింది. రైతు వచ్చినప్పుడు సాయిబుగారు గాల్వనోమీటరు మీద తువ్వాలు కప్పేవాడు, ఆయన పలక చూసి వెళ్ళిపోయేవాడు. సాయిబుగారు గాల్వనోమీటరు మీదికి వంగి, ముక్కు అద్దానికి తగిలేలా చూసి, "తెలుపులో పడ్డాదమ్మా!" అని అరిస్తే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ రాత్రే కాగితం తీసి రాశాను. వాడుక: పొగాకు బ్యారన్లలో లోపలి వేడిని బయట నుండి కొలుచుటకు. మర్నాడు పోస్టు చేశాను. తర్వాత అది అలాగే అచ్చయింది.

రెండో విడత ఆకు ఎక్కించిన మూడో రోజు ఆదివారం. రైతు చుట్టాల పెళ్ళికని నరసరావుపేట వెళ్ళాడు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి సాయిబుగారు తలుపు సందు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాసన తేడాగా ఉందమ్మా."

"ఏం తేడా?"

"ఉడుకుతా ఉన్నట్టు."

నేను వెళ్ళి ముల్లు చూశాను. పసుపు కాగితం మధ్యలో ఉంది. అప్పటికి తెలుపులోకి రావాలి. "వేడి తక్కువే ఉంది సాయిబుగారూ. ఇంకా పెంచాలి," అన్నాను.

"ముల్లు అట్టా చెప్తాంది గానీ..." అని మళ్ళీ సందులో ముక్కు పెట్టాడు. "నాకైతే మంట తగ్గించాలనిపిస్తాంది."

"పొద్దుటి నుంచి మంచినీళ్ళైనా లేకుండా ఉన్నారు. నోరెండిపోయి ఉంది. వాసన అటూ ఇటూ అవుతుంది. ముల్లు అబద్ధం చెప్పదు." టీచరు గొంతుతోనే అన్నాను. తరగతిలో ఆ గొంతు వాడాక ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఆయన నా వైపు చూశాడు. ఆ పొరలు కమ్మిన కళ్ళకి నేనెంత కనపడ్డానో తెలియదు. "చదువుకున్నదానివి. నువ్వు చెప్తే సరే," అని పొయ్యి దగ్గర కూర్చుని రెండు మొద్దులు లోపలికి తోశాడు. సాయంత్రానికి ముల్లు తెలుపులోకి వచ్చింది. నేను తృప్తిగా గదికి వచ్చేశాను.

సోమవారం తెల్లారి నా గది తలుపు ఎవరో కొట్టారు. నేను ఆ ఊరు వచ్చాక నా తలుపు ఎవరూ కొట్టలేదు. తీస్తే సాయిబుగారు. తువ్వాల్లో చుట్టిన గాల్వనోమీటరు రెండు చేతులా పట్టుకుని మెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"ఆకు పోయిందమ్మా."

అలా చెప్పులు లేకుండానే కళ్ళం దాటి పరుగెత్తాను. తలుపు తెరిచి ఉంది. కర్రలకి వేలాడుతున్న ఆకు ముదురు గోధుమరంగులో, తడిసిన గోనెగుడ్డలా ఉంది. తీగలు అప్పటికే పీకేసి ఉన్నాయి, కంతలో మట్టి తీసేసి అద్దం తుడిచి ఉంది. కుండ మాత్రం అక్కడే ఉంది. చెయ్యి పెట్టాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, తలంటుకి పోసుకునేటంత.

"ఈ నీళ్ళు ఎక్కడివి?"

"పీపాలోవి." పొయ్యి పక్కనే బూడిద మీద చల్లడానికి నీళ్ళ పీపా ఒకటి ఉండేది. ఎప్పుడూ కాగుతూనే ఉండేది.

"నేను పోసిన నీళ్ళేమయ్యాయి?"

"ఆకు గుచ్చే ఆడోళ్ళకి పోశానమ్మా."

అప్పుడు ఒక్కొక్కటే చెప్పాడు. షెడ్డు కింద ఆకు గుచ్చేవాళ్ళలో సగం మంది పల్లె నుంచి వచ్చేవాళ్ళు, ఊరి బావి మెట్టెక్కనివ్వని వాళ్ళు. షెడ్డు అవతలి కుండ వాళ్ళు ముట్టకూడదు. ఎవరైనా దోసిట్లో పోస్తే తాగాలి, పోసేవాళ్ళకి తీరిక ఉంటేనే. ఇరవై ఏళ్ళుగా వాళ్ళకి నీళ్ళు పోసేది సాయిబుగారే. తన కుండలోంచి పోసేవాడు. ఆయన రోజా ఉన్నా వాళ్ళకి దాహం ఆగదు కదా. బావి దూరం. ఆయన కళ్ళకి ఆ దారి ఇంకా దూరం. ఆదివారం ఎండ బాగా కాసింది, తన కుండ అడుగంటాక నా కుండలోంచి పోశాడు. కుండ ఖాళీ అయినప్పుడల్లా, నేను నిండుగా ఉండాలన్నాను కాబట్టి, పీపాలోంచి ముంచి నింపాడు.

చల్లటి ముడి వెచ్చబడింది. తేడా తగ్గింది. ముల్లు వెనక్కి వచ్చింది. లోపల ఆకు ఉడుకుతుంటే నేను ఇంకా మంట పెట్టమన్నాను. ఇందులో ఆయన తప్పు ఒక్కటీ లేదు. నేను ఎన్నో సాయంత్రాలు ఆ షెడ్డు పక్కన కూర్చున్నాను. ఆకు పసరుతో నల్లబడ్డ వాళ్ళ చేతులు చూశాను. వాళ్ళు నీళ్ళు ఎక్కడ తాగుతారో ఒక్కసారైనా అడగలేదు. సాయిబు కుండ ఎవరూ ముట్టరని లెక్క వేసినప్పుడు ఆ "ఎవరూ"లో వాళ్ళు లేరు.

"రైతుగారితో నేను చెబుతాను," అన్నాను.

"ఏమని చెప్తావు? కళ్ళు కనపడక ఈ తీగలు పెట్టామనా? చెప్పనని మాటిచ్చావు." తర్వాత కాస్త మెత్తగా, "బడికి టైమవతంది, పోమ్మా. ఇక్కడ నువ్వు లేవు, నీ పెట్టె లేదు," అన్నాడు.

సాయంత్రం రైతు వచ్చాడు. నేను షెడ్డు దగ్గర ఆడవాళ్ళ వెనక నిలబడి ఉన్నాను. ఆయన బ్యారన్‌లోకి వెళ్ళి, ఒక కర్ర లాగి, ఆకు నలిపి వాసన చూసి బయటికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి, ఆరోజు మాత్రం గొంతు పెరగలేదు.

"ఏంది సాయిబూ ఇది?"

"కునుకు పట్టిందయ్యా. రోజా నీరసం. లేచి చూసేతలికి వేడి ఎక్కిపోయింది."

"నిద్దరపోయావా?"

"అవునయ్యా."

రైతు చేతికంటిన ఆకు దులుపుకున్నాడు. "పొయ్యి దగ్గర నిద్దరపోయేవోడికి బ్యారన్ ఎట్టా అప్పజెప్పను? ఇయ్యాల ఆకు పోయింది. రేపు ఈనె ఎండేప్పుడు నిద్దరపోతే కప్పుతో సహా తగలబడద్ది. ఎల్లు సాయిబూ. కూతురు దగ్గరికి ఎల్లు."

సాయిబుగారు నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. నేను నోరు తెరవలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఆ గాల్వనోమీటరు. అడగకుండా బీరువాలోంచి తెచ్చింది, నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కానిది. హెడ్మాస్టరుగారి భార్య ముఖం కూడా కళ్ళ ముందు మెదిలింది, ఎందుకు దాచాలి. మర్నాడు నేను బడిలో ఉండగా సాయిబుగారు తన రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడని ఆకు గుచ్చే ఆమె చెప్పింది.

తర్వాతి ఆదివారాలు ఎలా గడిచాయో రాయడానికి ఏమీ లేదు. బ్యారన్ దగ్గర కొత్త మేస్త్రీ వచ్చాడు. నేను కళ్ళం దాటలేదు. చలి తగ్గింది. మిరపపళ్ళు కళ్ళంలో ఆరబోశారు, ఆ ఘాటుకి గదిలో కూర్చుంటే కళ్ళు కారేవి. కారడానికి అది ఒక సాకు. మూడో ఆదివారం అద్దంలో చూసుకుంటూ "నువ్వు పిరికిదానివి" అని పైకి అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అదే. చీర మార్చుకుని రైతు ఇంటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద పత్తి గింజ చూసుకుంటున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. కళ్ళు, తీగలు, కుండ, నీళ్ళు, ముల్లు అబద్ధం చెప్పదన్న నా మాట. ఆయన చేతిలో గింజలు గంపలో వేసి తలెత్తాడు.

"కళ్ళు కనపడవని నాకు తెలవదనుకున్నారా టీచరుగారూ? రెండేళ్ళ నుంచీ తెలుసు. సెల్లు అయిపోయిన బ్యాటరీలైటు పట్టుకోని అద్దంలోకి చూస్తా ఉంటే తెలవదా?"

"మరి ఎందుకు ఉంచారు?"

"ఆ ముక్కు కోసం. ఈ చుట్టుపక్కల అట్టాంటి ముక్కు లేదు. కళ్ళున్నోళ్ళు పెట్టిన బ్యారన్లెన్నో ఉడికినయ్యి, ఆయనది ఒక్కటి పోలా. నిద్దరపోయానన్నాడు గాబట్టి పంపించా. నిద్దరపోలేదని ఆరోజు ఒక్కమాట చెప్పుంటే..." నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పోయి తీసుకురండి. కొత్తోడికి నేను చెప్పుకుంటా," అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి చీరాల వెళ్ళాను. వాడరేవు పోయే దారిలో, జట్కా తోలే అల్లుడి ఇంటి ముందు, సాయిబుగారు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. రంజాను అయిపోయింది. గడ్డం కత్తిరించి, ఉతికిన చొక్కా తొడిగి కూతురు శుభ్రంగానే చూసుకుంటోంది. "సాయిబుగారూ," అంటే గొంతు పట్టి గుర్తుపట్టి లేవబోయాడు. నేను కూర్చోబెట్టి, రైతు చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. దారి పొడుగునా ఆ సంతోషాన్నే ఊహించుకుంటూ వచ్చాను.

"రెండేళ్ళ నుంచా?" అన్నాడు.

"అవును. మీ ముక్కుని నమ్మి ఉంచారట. రమ్మన్నారు. బస్సు మూడింటికి ఉంది."

కూతురు టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఆయన గ్లాసుని మంచం కోడు పక్కన పెట్టాడు.

"రెండేళ్ళు ఆయన నమ్మాడమ్మా. ఆరోజు నేనే నమ్మలా. ఉడుకుతుందని తెలుసు, తెలిసి కూడా మొద్దు తోశా." నా మీద కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఏడ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. "ఇప్పుడొచ్చి పొయ్యి దగ్గర కూకున్నా, వాసన వచ్చినప్పుడల్లా నిజమేనా అని ఇంకొకర్ని అడుగుతా. అట్టాంటోడు బ్యారన్‌కి పనికిరాడు."

నేను ఎంత చెప్పినా రాలేదు. మూడింటి బస్సులో ఒక్కదాన్నే వచ్చాను.